వీ6 రంగు

జూన్ 4
ఈ వారమంతా నోటి క్యాన్సర్ స్లైడ్లే. సీడీ44 ప్రొటీన్‌లోని వీ6 ముక్కను పట్టే యాంటీబాడీ వేసిన చోటల్లా గడ్డ గోధుమరంగు తిరిగింది. దాని పక్కనున్న మామూలు నోటి పొర కూడా తిరిగింది. రెండోది చూడకుండా మొదటిదానికి సంబరపడకూడదు.

జూన్ 5
సీడీ44 కణం పైపొరలో ఉండి చుట్టూ ఉన్న హయలురోనిక్ ఆమ్లాన్ని పట్టుకునే ప్రొటీన్. జన్యువు ఒకటే, 11వ క్రోమోజోమ్ మీద. నడుమ ఉన్న పది ఎక్సాన్లలో, అంటే వీ1 నుంచి వీ10 దాకా ఉన్న ముక్కల్లో, ఏది ఉంచాలో ఏది తీసేయాలో కణం ఇష్టం. మనిషి వీ1లో స్టాప్ కోడాన్ ఉంది కాబట్టి మనకు లెక్కకొచ్చేవి వీ2 నుంచి వీ10.

జూన్ 9
"మేడమ్, ఈ ముక్కలేవీ లేని మామూలు రూపాన్ని ఒక్కదాన్నే పట్టే యాంటీబాడీ ఏదండీ?" అని అడిగింది కొత్తగా చేరిన అమ్మాయి. ఎంత మంచి ప్రశ్న! ఆ రూపంలో ఉన్నదంతా మిగతావాటిలోనూ ఉంది. ఐఎం7 యాంటీబాడీ వేస్తే అన్ని రూపాలూ పడతాయి. మామూలు రూపానికంటూ మిగిలేది 5, 16 ఎక్సాన్లు కలిసే అతుకు ఒక్కటే. దాన్ని ఆర్‌ఎన్‌ఏలో, పీసీఆర్‌తో వెతకడం తేలిక. వీ6 యాంటీబాడీకీ హద్దుంది: వీ6 ఉందంటుంది, దానికి అటూ ఇటూ ఏమున్నాయో చెప్పదు.

జూన్ 10
సీడీ44కు వెస్టర్న్ బ్లాట్ చేశాం. అమినో ఆమ్లాల లెక్కన మామూలు రూపం 37 కిలోడాల్టన్లు. జెల్ మీద మాత్రం 85 దగ్గర ఆగుతుంది. ఆ తేడా దానికి అతుక్కున్న చక్కెరల బరువు. బ్యాండు ఎత్తు చూసి రూపం పేరు రాసేయడం నాకు నచ్చదు.

జూన్ 13
1991లో కార్ల్స్‌రూలో ఉర్సులా గుంతెర్ట్ బృందం చేసిన పని మళ్లీ చదివాను. ఒంట్లో వేరే చోట్లకు పాకే రకం ఎలుక క్యాన్సర్ కణాలను గుర్తించి, పాకనివాటిని వదిలేసే యాంటీబాడీతో మొదలుపెట్టారు. అది పట్టిన సీడీ44 రూపాన్ని పాకని కణాల్లో పెడితే అవీ పాకాయి. యాంటీబాడీ చూపించినదాన్ని అక్కడితో వదలకుండా పరీక్షకు పెట్టారు. అందుకే ఆ పేపరంటే నాకంత గౌరవం.

జూన్ 17
వీ6ను పట్టే యాంటీబాడీకి విషం తగిలించి తయారుచేసిన మందు బివాటుజుమాబ్ మెర్టాన్సిన్. తల, మెడ క్యాన్సర్ రోగుల మీద తొలి దశ పరీక్షల్లోనే ఒకరు చర్మం ఊడిపోయి చనిపోయారు. మందును ఆపేశారు. చర్మంలోని కెరాటినోసైట్లకూ వీ6 ఉంది. యాంటీబాడీ తన పని తప్పలేదు. ఆ మనిషి గురించి చాలాసేపు ఆలోచించాను.

జూన్ 18
ప్రతి గడ్డ ముక్కతో పాటు దాని అంచున ఉన్న మామూలు పొర కూడా పంపమని సర్జన్లకు రాశాను. రిపోర్టులో రెండింటి రంగూ పక్కపక్కనే రాస్తాం.