దేవాంశకు ముందు ప్రతిజ్ఞ

కొన్నేళ్ల క్రితం మా ఆలయ కల్యాణోత్సవానికి అధికారబలం గల ఒక ప్రముఖులు విచ్చేశారు. పూర్ణకుంభంతో స్వాగతించి, శేషవస్త్రం కప్పి, వేదాశీర్వచనం చేశాము. విష్ణ్వంశ లేనివాడు ప్రభువు కాజాలడన్న ఆర్యోక్తిని నేనే ఆయనకు అన్వయించి పలికాను. కరతాళధ్వనులు మ్రోగాయి.

మరునాటి ఉదయం ఒక వృద్ధ కర్షకుడు తీర్థం పుచ్చుకొంటూ, "అయ్యగారూ! నా పొలం గట్టు జరిపింది ఆయన మనుషులే. ఆయనలో దేవుడున్నాడని నిన్న మీరే చెప్పారు. ఇంక నా మొర ఎవరికి చెప్పుకోను?" అన్నాడు. నేను నిరుత్తరుడనయ్యాను.

ఆ రాత్రి మనుస్మృతి సప్తమాధ్యాయం తెరిచాను. ఇంద్ర, వాయు, యమ, సూర్య, అగ్ని, వరుణ, చంద్ర, కుబేరుల అంశలతో రాజు సృజింపబడినాడనీ, బాలుడైనా అతనిని అవమానింపరాదనీ అందున్నది. బాల్యంలో నేను వల్లెవేసిన భాగమే అది. అయితే ధర్మచ్యుతుడైన రాజును దండమే సబాంధవంగా నశింపజేస్తుందనీ, అవినయం చేత వేనుడు నశించాడనీ అదే అధ్యాయం చెబుతున్నది.

శాంతిపర్వంలో ఆ వేనుని కథ ఉన్నది. అధర్మపరుడైన అతనిని ఋషులు మంత్రపూతమైన కుశలతో సంహరించారు. అతని దక్షిణహస్తాన్ని మథింపగా పృథువు ఉద్భవించాడు. స్వేచ్ఛానుసారం వర్తింపనని ముందుగా అతడు ప్రతిజ్ఞ చేయవలసి వచ్చింది. విష్ణువు ఆ భూపతియందు ప్రవేశించాడని వ్యాసభగవానుడు చెప్పినది ఆ ప్రతిజ్ఞ తరువాతనే.

ఆంగ్లదేశాన్ని ఏలిన మొదటి జేమ్స్, రాజు దైవానికే గాని ప్రజలకు సమాధానం చెప్పనక్కరలేదని వాదించాడు. మన ఋషులు రాజును దేవాంశసంభూతుడంటూనే ధర్మానికి బద్ధుని చేశారు. ధర్మం క్షత్రానికే క్షత్రమనీ, దానిని ఆశ్రయించి దుర్బలుడు బలవంతుని జయింపగోరుతాడనీ బృహదారణ్యకోపనిషత్తు బోధిస్తున్నది. ఆ కర్షకుని ప్రశ్నకు సమాధానం నేను చదివిన చదువులోనే ఉన్నది. సభలో నేను సగమే చెప్పాను.

ఏకాదశినాడు అతడు వచ్చినప్పుడు, "పెద్దయ్యా! తప్పు నాది. శాస్త్రంలో సగం దాచాను" అన్నాను. "ఆ మిగతా సగం ఆయన ముందు చెబుతారా?" అని అడిగాడు.

మరుసటి ఏడు చెప్పాను. పాలకులు న్యాయమార్గాన భూమిని పరిపాలింతురు గాక అన్న నిత్యస్వస్తివాక్యాన్ని పఠించి, దాని అర్థాన్నీ వేనుని కథనూ తెలుగులో వివరించాను. ఈసారి కరతాళధ్వనులు లేవు. పొలం గట్టు ఇంకా స్వస్థానానికి రాలేదు. నా వాక్కు మాత్రం ఇప్పుడు దానికి అడ్డుగా లేదు.