డైలాగు వినపడాలి బాబూ!

సినిమాకి సౌండు ఎంత ముఖ్యమో విశాఖ కుర్రకారుకి ఒకరు చెప్పాలా? ఒక సినిమా హాలు పేరే ఊరి నడిబొడ్డున సెంటరుకి పేరైపోయిన ఊరు మనది. జగదాంబ సెంటరంటే తెలియనివారెవరు! 1986లో కృష్ణగారి 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రంగా, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండుతో వచ్చింది. ఆ వైభవం ఇంట్లో టీవీకి రావాలంటే మాత్రం కథ వేరు.

లెక్క చూడండి. ఒక్క చానెల్ శబ్దాన్ని కుదించకుండా, సెకనుకి 48,000 సార్లు 16 బిట్ల చొప్పున కొలిస్తే 768 కిలోబిట్లు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు... ఐదింటికే 3,840! గుండె అదిరించే '.1' అదనం. ప్రసారంలో అంత జాగా ఎవరిస్తారు? అందుకే చెవి పట్టించుకోని భాగాన్ని తీసేసి, డాల్బీ డిజిటల్ పద్ధతిలో కుదిస్తారు. డీవీడీల్లో 5.1కి మామూలుగా 384 లేదా 448 కిలోబిట్లు. తర్వాత వచ్చిన డాల్బీ డిజిటల్ ప్లస్ అంతకన్నా తక్కువలోనే నెట్టుకొస్తుంది.

మరి పాత పద్ధతిలోనే 192కి దించితే? స్టీరియోకైతే చానెల్‌కి 96, హాయిగా సరిపోతుంది. అదే ఐదింటికి పంచితే తలా నలభై కూడా రావు! అప్పుడు సన్నని శబ్దాలను చానెళ్లన్నిటికీ ఉమ్మడి చేసేయాల్సి వస్తుంది. వాన చినుకులు, చప్పట్లు ముందు దెబ్బతింటాయి.

పత్రికలకి రాసుకు బతికే నాకు ఈ కిలోబిట్ల గొడవెందుకంటారా? మా నాన్నగారి కోసం! వయసుతోపాటు ఆయనకి వినికిడి తగ్గింది. సినిమాలో రీరికార్డింగ్ కాస్త లేచిందంటే చాలు, "ఏటన్నాడ్రా?" అని నావైపు తిరుగుతారు. సౌండు పెంచితే పక్కింటివాళ్లు లేస్తారు గానీ మాట తేలదు. రెండు చానెళ్లలో మాటనీ సంగీతాన్నీ కలిపి పోసేశాక విడదీయడం మనవల్ల అయ్యే పనేనా?

5.1లో డైలాగు ఎక్కువగా మధ్య స్పీకరులోంచే వస్తుంది. ఓ సాయంత్రం 5.1 వచ్చే చానెల్లో సినిమా పెట్టి, ఆ ఒక్క స్పీకరునీ నాలుగు గీతలు పెంచాను. ఆ పూట నాన్నగారు నన్నేమీ అడగలేదు. పైగా కామెడీ డైలాగుకి నాకంటే ముందే నవ్వారు!

విశాఖలో కేబుల్ డిజిటల్ కావడానికి 2013 మార్చి 31 గడువు పెట్టారు. బొమ్మ తళతళలాడితే అందరం మురిసిపోయాం. సౌండు సంగతి ఎందరు అడిగారు? హెచ్.డి. బొమ్మకి వేల కిలోబిట్లు ధారపోసేవారు, మాటకి మూడొందల ఎనభై నాలుగు ఇవ్వడానికి చెయ్యి వెనక్కి తీయడం ఏం న్యాయం?

అలాగని అంకె పెద్దదైతే చాలనుకోకండి. పాత మోనో చిత్రానికి 448 ఇచ్చినా వెనక స్పీకర్లలో గుర్రాలు పరుగెత్తవు. అసలు మిక్సింగులో ఉండాలి, ఆపైన ప్రసారంలో మిగలాలి. ఈసారి సెట్‌టాప్ బాక్సు మెనూలో ఆడియో దగ్గర ఏముందో చూడండి. డాల్బీ ఉండి కూడా స్టీరియోలో పెట్టి ఉంటే మార్చండి. హీరో ఫైట్లు మీరు ఎలాగూ చూస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఆయన మాటలు కూడా వినపడనివ్వండి!