ఇరవై పది

సావనీర్‌కు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు సైన్సు మీద రాద్దామనుకున్నాను. తీరా కలం పట్టుకున్నాక మా అన్న కూతురే గుర్తుకొచ్చింది.

అశోక్‌నగర్‌లో మాది ఒక్కటే గది. అందులో అన్న, వదిన, నాలుగేళ్ల పాప, నేను. అన్న గ్రూప్-1కు చదువుతున్నాడు. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాస్తే పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో రాసింది అందలేదు. వదిన బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె జీతం, ఊరి నుంచి నాయిన తెచ్చే బియ్యం, వీటి మీదే ఇల్లు నడుస్తుంది.

అన్న పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే. సాయంత్రం అయిదింటికి కుర్చీలో పుస్తకం పెట్టి గేటు దగ్గరికొస్తాడు. నేను పాపను తీసుకెళ్తాను. అక్కడి నుంచి మెయిన్ రోడ్డెక్కి, మెట్రో పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ నారాయణగూడ వైపు నడక. పైన రైలు పోతే ఆగి చెయ్యి ఊపాలి, అది పాప పెట్టిన రూలు. మొక్కజొన్న కంకి కొంటే గింజ తనకొకటి, డాడీకొకటి. ఇరవై తొమ్మిదో పిల్లర్ దాటాక "ఇరవై పది" అంటుంది. అన్న కూడా గంభీరంగా "ఇరవై పది" అంటాడు.

"తప్పు నేర్పుతున్నవన్నా" అన్నాను ఒకరోజు.

"ఎప్పుడో ఒకనాడు ముప్పై అంటది. మళ్ల ఇరవై పది అనుమన్నా అనదురా" అన్నాడు.

నాకా మాట అప్పుడు ఎక్కలేదు. రాత్రి లెక్కగట్టి చెప్పాను: రోజుకు అరగంటంటే ఏడాదికి 180 గంటల పైనే, ఒక పేపరు సిలబస్ రెండుసార్లు తిరగెయ్యొచ్చు. అన్న ఏమీ అనలేదు. మర్నాటి నుంచి గేటు దగ్గరికి రాలేదు. నాలుగు రోజులు పాప అయిదింటికల్లా చెప్పులేసుకుని గడపలో కూర్చుంది.

అయిదోనాడు నాయిన బియ్యం మూటతో దిగాడు. సంగతి తెలిసి మనవరాలిని ఎత్తుకుని బయల్దేరాడు. తోవ తెలియదని నేనూ వెంట వెళ్లాను. "ఇరవై పది, తాతా" అంది. "ఆఁ, ఇరవై పది" అన్నాడాయన. తిరిగి వస్తుంటే మెల్లగా అన్నాడు: "మీ ఇద్దరికి లెక్కలు ఎవలు నేర్పిండ్రో నాకు తెల్వదురా."

నిజమే. మా చిన్నతనంలో బోరుకు కరెంటు వంతులవారీగా, తరచుగా రాత్రిపూట వచ్చేది. చీకటి పడగానే టార్చిలైటు పట్టుకుని నాయిన చేనికి పోయేవాడు. మేం లేచేసరికి ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు, ఉన్నా నిద్రలో ఉండేవాడు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది 2018 జనవరి 1న. అప్పటికి అన్న హైదరాబాదు చేరాడు, నేను హైస్కూల్లో ఉన్నాను. ఇంట్లో ఎత్తుకునే ఈడు పిల్లలు ఎవరూ లేరు.

ఆ రాత్రి నాయిన అన్నకు నీతులేవీ చెప్పలేదు. ఆ మాట అన్నకు చేరవేసింది నేనే. నా 180 గంటల లెక్క వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను. మర్నాడు అయిదింటికి అన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ అరగంటను తెల్లవారుజామున లేచి చదువుకుంటున్నాడు.

ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. అన్నకు ఆ దిగులు ఉంది, వదినకు ఇంకా ఎక్కువ ఉంది. పాప నడక ఆ దిగులును తీర్చదు. కానీ నోటిఫికేషన్ ఇంకోటి రావచ్చు, నాలుగేళ్ల వయసు మాత్రం రెండోసారి రాదు.

పోయిన వారం ఇరవై తొమ్మిదో పిల్లర్ దాటగానే పాప "ముప్పై" అంది. అన్న ఒక్క క్షణం ఆగి, "కరెక్టే బిడ్డా" అన్నాడు. పైనుంచి రైలు పోయింది. ఆ రోజు చెయ్యి ఊపడం ముగ్గురమూ మరిచిపోయాం.