బొమ్మా బొరుసా... ఓ ఊరి పేరు!

నక్షత్రం చూసి, నాలుగు పేర్లు రాసి, ఇంటిల్లిపాదీ వారంపాటు వాదించుకుంటే గానీ మనింట్లో పసివాడికి పేరు కుదరదు. అమెరికాలో ఓ నగరానికి మాత్రం భోజనాల దగ్గర నాణెం ఎగరేసి పేరు పెట్టేశారు. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ సంగతి ఇది.

ఇంటెల్ పుణ్యమా అని పక్కనే ఉన్న హిల్స్‌బరోలో మనవాళ్లు బాగానే స్థిరపడ్డారు. ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే గులాబీ తోట, మల్ట్‌నోమా జలపాతం చూపిస్తారు. ఓ పూట మిగిలితే డౌన్‌టౌన్‌లోని ఒరెగాన్ హిస్టారికల్ సొసైటీకీ వెళ్లొచ్చు. 1835 నాటి ఆ రాగి సెంటును భద్రపరిచింది ఆ సంస్థే.

కథ 1843లో మొదలైంది. విల్లమెట్ నది ఒడ్డున 640 ఎకరాలు తనదని నమోదు చేయించుకోవాలనుకున్నాడు విలియం ఓవర్టన్. రుసుము పాతిక సెంట్లు. అదీ లేదు! ఆ చిల్లర ఇచ్చిన అసా లవ్‌జాయ్‌కి సగం వాటా దక్కింది. మిగతా సగాన్ని ఓవర్టన్ తర్వాత ఫ్రాన్సిస్ పెటిగ్రోవ్‌కి అమ్మేశాడు. మసాచుసెట్స్ నుంచి వచ్చిన లవ్‌జాయ్ బోస్టన్ అన్నాడు. మెయిన్ నుంచి వచ్చిన పెటిగ్రోవ్ తన పోర్ట్‌లాండ్ పేరే పెట్టాలన్నాడు. 1845లో, ఒరెగాన్ సిటీలో, మూడుసార్లు ఎగరేస్తే రెండుసార్లు పెటిగ్రోవ్‌దే గెలుపు. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ నాణెం ఎగరేయలేదు. తరతరాలుగా ఆ నదీతీరాన బతికిన చినూక్ జాతులవారిని పేరు సంగతీ అడగలేదు.

ఊరి వాయవ్య భాగంలో వీధులు ఏబీసీడీల వరుసలో ఉంటాయి. లవ్‌జాయ్ వీధిలో ట్రామ్ దిగి నడిస్తే అయిదు నిమిషాల్లో ఓవర్టన్, ఆ పక్కనే పెటిగ్రోవ్. ముగ్గురూ ఇరుగుపొరుగే! (సింప్సన్స్ కార్టూన్‌లో ఫాదరీకి లవ్‌జాయ్ పేరు ఈ వీధి నుంచే వచ్చింది. దాని సృష్టికర్త మాట్ గ్రేనింగ్‌ది ఈ ఊరే.) అంత పట్టుబట్టిన పెటిగ్రోవ్, మూడేళ్లకే తన వాటాను 5,000 డాలర్ల విలువైన తోళ్లకు ఇచ్చేశాడు. తర్వాత పోర్ట్ టౌన్‌సెండ్ అనే మరో ఊరి స్థాపకుల్లో ఒకడయ్యాడు.

బతుకు భారమంతా నాణెం మీద వేస్తే ఏమవుతుందో బొమ్మల్లో చూపించిన కార్ల్ బార్క్స్‌దీ ఒరెగానే. 1953లో ఆయన రాసి గీసిన డోనాల్డ్ డక్ కథలో, ప్రొఫెసర్ బాటీ అనే పెద్దమనిషి ప్రతి మలుపులోనూ నాణెం ఎగరేయమని బోధిస్తాడు. డోనాల్డ్ నమ్ముతాడు. నాణెం చెప్పిందని వన్‌వేలో ఎదురు వెళ్లి కోర్టు బోనెక్కుతాడు. జడ్జి 50 డాలర్లు జరిమానా వేస్తాడు... ట్రాఫిక్ తప్పుకి కాదు, ఆలోచించే పనిని నాణేనికి అప్పగించినందుకు! నవ్వించే కథే. కానీ ఆ తీర్పు ముందు పెటిగ్రోవ్, లవ్‌జాయ్ నిలబడినా బయటపడేవారనిపిస్తుంది. వాళ్లు నాణేనికి వదిలింది పేరొక్కటే. రేవుకు ఏ ఒడ్డు పనికొస్తుందో ముందే లెక్క వేసుకున్నారు.

బార్క్స్ 1901లో పుట్టింది మెరిల్ దగ్గరి పొలంలో. పోర్ట్‌లాండ్‌కి దక్షిణంగా దాదాపు 480 కిలోమీటర్లు. క్రేటర్ లేక్ చూసినవాళ్లు ఇంకాస్త కిందికి దిగితే వస్తుంది. చిన్న ఊరు, చుట్టూ బంగాళాదుంప చేలు. అక్కడి నుంచి బయల్దేరి రకరకాల కూలిపనులు చేశాక ఆయన డిస్నీ స్టూడియోలో చేరాడు. 1942లో అది వదిలేసి కాలిఫోర్నియాలో కోళ్లు పెంచుకుందామని వెళ్లాడు. డోనాల్డ్ కామిక్స్ పని దొరికింది అప్పుడే.