ఊరి చుట్టూ ఓ రైలు!

ఎమ్మిగనూరులో బస్సెక్కి, కర్నూలు మీదుగా హైదరాబాద్‌ పొలిమేరకు చేరగానే ‘ఆరాంఘర్‌... దిగేవాళ్లు రండి’ అన్న కేక వినిపిస్తుంది. జొన్నపిండి సంచులు, పచ్చడి డబ్బాలు కిందికి దిగుతాయి. ఎల్బీనగర్‌లో కూతురింటికో, నాగోలులో కొడుకు దగ్గరికో వెళ్లాల్సినవారికి అక్కడే వస్తుంది చిక్కు. ఆటో మాట్లాడుకోవాలా? ఇమ్లీబన్‌ బస్టాండు దాకా వెళ్లి మెట్రో ఎక్కాలా?

ఆదోని నుంచి రైల్లో వచ్చేవారి పని కాస్త నయం. బేగంపేటలో దిగి మెట్రో ఎక్కితే ఒకవైపు నేరుగా నాగోలు. రెండోవైపు మరుసటి స్టేషనే అమీర్‌పేట. అక్కడ రైలు మారితే ఎల్బీనగర్‌!

ముక్కు ఎక్కడుందంటే...

2017 నవంబరులో మొదలైన హైదరాబాద్‌ మెట్రో 2020 ఫిబ్రవరికి మూడు మార్గాలు, 69 కిలోమీటర్లకు చేరింది. అమీర్‌పేట, పరేడ్‌గ్రౌండ్స్‌, ఎంజీబీఎస్‌... మూడు మార్గాలూ కలుసుకునేది ఈ మూడుచోట్లే. అన్నీ నగరం నడిబొడ్డునే. నాగోలు, ఎల్బీనగర్‌ రెండూ ఇన్నర్‌ రింగ్‌రోడ్డు మీద కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. మెట్రోలోనే వెళ్తామంటే మాత్రం నడిబొడ్డు దాకా వెళ్లి రైలు మారాలి. ముక్కేదంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టన్నమాట!

ఈ బాధ పెద్ద నగరాలన్నిటిదీ. టోక్యోలో యమనోటె రైలు 1925 నుంచీ గుండ్రంగా తిరుగుతోంది. చుట్టు 34.5 కిలోమీటర్లు. మాస్కోలో పాత వలయం చాలక, 31 స్టేషన్లతో దాదాపు 70 కిలోమీటర్ల పెద్ద వలయాన్ని 2023లో పూర్తిచేశారు. నడిబొడ్డుతో పనిలేనివారిని పక్కనుంచే పంపేస్తే అక్కడి రద్దీ తగ్గుతుంది.

సగం వలయం

హైదరాబాద్‌కు పూర్తి వలయం ప్రణాళికలో లేదు. కానీ అలాంటి పని చేసే మార్గం ఒకటుంది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆమోదించిన 76.4 కిలోమీటర్ల రెండోదశలో పెద్దది, 36.8 కిలోమీటర్ల నాగోలు- శంషాబాద్‌ విమానాశ్రయం మార్గం. ఎల్బీనగర్‌, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్‌ మీదుగా వెళ్తుంది. ఎంజీబీఎస్‌ నుంచి పాతబస్తీ గుండా 7.5 కిలోమీటర్ల మార్గం చాంద్రాయణగుట్టలో దీన్ని కలుస్తుంది.

గీత గీసినంత తేలిక కాదిది. పాతబస్తీలో దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా వెళ్లే ఇరుకుదారిని వెడల్పు చేయాలి. అంటే ఇళ్లు, దుకాణాలు పోవాలి. 2025 జనవరిలో పరిహారం చెక్కుల పంపిణీ మొదలైంది. తాతలనాటి దుకాణం పోయినవారికి చెక్కు వస్తుంది కానీ, ఆ వీధిలో తెలిసిన బేరం తిరిగి రాదు. ఒకరికి దారి దగ్గరవ్వడానికి ఇంకొకరు గడప వదులుకోవాల్సిందే.

ఆ రైలు పట్టాలెక్కిన రోజున ఎమ్మిగనూరు పెద్దాయన ఆరాంఘర్‌లో దిగి, అక్కడే మెట్రో మెట్లెక్కి కూతురింటికి వెళ్లిపోవచ్చు. అప్పటిదాకా సంచి భుజానేసుకుని ఆటోవాలాతో బేరమాడక తప్పదు.