లీటరు మీద ఎనిమిది రూపాయలు

మా బరంపురంలో ఏ బంకుకు వెళ్లినా రెండు ధరలు కనిపిస్తాయి. మామూలు పెట్రోలు ఈ మధ్య లీటరు 101 రూపాయల దరిదాపుల్లో ఉంటోంది. ప్రీమియం దాని మీద మరో ఏడెనిమిది రూపాయలు. ఇండియన్ ఆయిల్ బంకులో దాని పేరు ఎక్స్‌పీ95, భారత్ పెట్రోలియంలో స్పీడ్, హిందుస్థాన్ పెట్రోలియంలో పవర్. "మైలేజీ వస్తుంది సార్, పికప్ కూడా బాగుంటుంది, కొట్టమంటారా?" అని బంకు కుర్రాళ్లు అడుగుతారు. నెల జీతంతో ఇల్లు నడిపేవాడికి ఇది చిన్న ప్రశ్న కాదు. అందుకే నేను లెక్క వేసుకుని తేల్చుకున్నాను.

గంజాం తెలుగువాళ్లకు ఈ ఎనిమిది రూపాయలు బాగా తెలిసిన మొత్తమే. 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక ఒరిస్సా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, ఛత్రపురం ఇటు ఒరిస్సాలోకి వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయాయి. చుట్టరికాలు మాత్రం రెండు వైపులా సాగుతూనే ఉన్నాయి. ఒడిశాలో పెట్రోలు మీద వ్యాట్ 28 శాతం. ఆంధ్రలో 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. అందుకే ఇచ్ఛాపురంలో పెట్రోలు మా ఊరి కంటే ఏడెనిమిది రూపాయలు ప్రియం. అక్కడి చుట్టాలు మా ఇంటికొస్తే, తిరిగి వెళ్లేటప్పుడు సరిహద్దులోని గిరిసోల దాటేలోపు ట్యాంకు నింపించుకుంటారు. "ఇక్కడ చవకే కదా బావా, ప్రీమియమే కొట్టించేద్దాం" అన్నాడు మా బావమరిది ఒకసారి. సరిహద్దు వల్ల మిగిలిందంతా ఆ ఒక్క మాటతో పోతుందని అక్కడే లెక్క కట్టి చూపించాను.

అసలు ఆ అదనపు సొమ్ముకు మనకు దక్కేదేమిటి? ప్రధానంగా ఆక్టేన్, దాంతోపాటు ఇంజన్‌ను శుభ్రంగా ఉంచడానికి కలిపే రసాయనాలు. ఆక్టేన్ సంఖ్య పెట్రోల్లో ఎంత శక్తి ఉందో చెప్పదు. సిలిండర్లో గాలీ పెట్రోలూ బాగా నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు, స్పార్క్ ప్లగ్ రగిలించిన మంట తన దాకా రాకముందే అంటుకోకుండా ఆ పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో చెబుతుంది. తట్టుకోలేకపోతే ఇంజన్లో టకటకమని చప్పుడు వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్లకు, టర్బో ఇంజన్లకు ఈ బెడద ఎక్కువ. 91 ఆక్టేన్ చాలని తయారీదారే రాసిన స్కూటర్లో 95 పోసినా, ఆ అదనపు ఓర్పును వాడుకునే అవసరం ఇంజన్‌కు రాదు.

అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో దీన్ని పరీక్షించింది. మామూలు పెట్రోలు కోసం తయారైన కార్లలో ప్రీమియం పోస్తే శక్తిలో గానీ మైలేజీలో గానీ చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. మరుసటి ఏడాది, ప్రీమియం వాడమని తయారీదారులు సిఫార్సు చేసిన కార్లను పరీక్షిస్తే మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. అక్కడ ధరలో తేడా మాత్రం అంతకు ఎన్నో రెట్లు.

నేను రోజూ స్కూటర్ మీద ఛత్రపురం ఆఫీసుకు వెళ్లొస్తాను. దారి మారదు, బరువు మారదు. పరీక్షకు ఇంతకంటే ఏం కావాలి? ఒకే బంకులో బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ట్యాంకు మెడ కింద ఒకే గీత దాకా పోయించుకుని, కిలోమీటర్లు రాసుకున్నాను. ట్యాంకు అడుగంటాక మళ్లీ అదే గీతకు నింపించి, పట్టిన లీటర్లతో భాగించాను. మామూలు పెట్రోలుతో 46 వచ్చింది. ప్రీమియంతో 46, 47 మధ్య ఆగింది. ధర ఎనిమిది శాతం ఎక్కువైనప్పుడు మైలేజీ కూడా ఎనిమిది శాతం పెరగాలి, అంటే దాదాపు 50 రావాలి. అప్పుడే పెట్టిన డబ్బు తిరిగొచ్చినట్టు.

తమ్ముడి టర్బో కారు సంగతి వేరు. దాని మాన్యువల్లో 95 ఆక్టేన్ మేలని రాసి ఉంది. 2022 ఎండాకాలంలో నిండా మనుషులతో తప్తపాణి ఘాటీ ఎక్కుతుంటే మామూలు పెట్రోలు మీద నాకింగ్ చెవికి తెలిసేది. 95 పోశాక ఆ చప్పుడు పోయింది, ఎక్కుడు సులువైంది. మైలేజీ 15 నుంచి 15.5కు వచ్చింది. డబ్బు లెక్కలో అదీ నష్టమే. అయినా ఇంజన్ ఆయుష్షు కోసం పెట్టవలసిన ఖర్చని వాడికి నేనే చెప్పాను.

ఆ తర్వాత పరిస్థితి మారింది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. ఇథనాల్ ఆక్టేన్ సుమారు 108 కావడంతో మామూలు పెట్రోలే 95కు చేరిందని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. అంటే 95 సంఖ్య చూసి అదనంగా చెల్లించడానికి కారణం బాగా తగ్గిపోయింది. మరోపక్క లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. పాత బైకుల్లో మైలేజీ 3-4 శాతం, పాత కార్లలో 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసింది. పోయిన ఆ మైలేజీని ఆక్టేన్ తెచ్చిపెట్టదు. మథుర రిఫైనరీ నుంచి 2020 డిసెంబర్లో మార్కెట్లోకి వచ్చిన ఎక్స్‌పీ100 లాంటివి చాలా ఖరీదైన బైకులకు, కార్లకు ఉద్దేశించినవి. మనలాంటి వాళ్ల బండ్లకు వాటితో పనిలేదు.

నా స్కూటర్‌కు నెలకు 20 లీటర్లు పడుతుంది. ప్రీమియం మానేస్తే నెలకు 160, ఏడాదికి 1,920 రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బును నేను విడిగా తీసి బండికే పెడుతున్నాను. వేళకు ఇంజన్ ఆయిల్ మార్పిస్తాను. సముద్రపు గాలీ హైవే దుమ్మూ కలిసి పాడుచేసే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ కొత్తవి వేయిస్తాను. టైర్లలో గాలి వారం వారం చూసుకుంటాను. మైలేజీ నిలబడేది వీటివల్లే.

మీరూ ముందు మీ బండి మాన్యువల్ తీసి ఆక్టేన్ ఎంత రాశారో చూడండి. 91 అని ఉంటే మామూలు పెట్రోలే కొట్టించండి. 95 కావాలని ఉంటే, మీ బంకులో మామూలు పెట్రోలు ఆక్టేన్ ఎంతో అడిగి తెలుసుకున్నాకే పై డబ్బు చెల్లించండి. మిగిలే ఆ ఎనిమిది రూపాయలు మీ కష్టార్జితం. బంకు కుర్రాడి ఒక్క ప్రశ్నకు తలూపి దాన్ని వదులుకోకండి.