కార్శి తోట

మొదట ఒక మనవి. సైన్సు విద్యార్థిని గనక రాకెట్ల మీద ఏదైనా రాయమన్నాడు మా సంపాదక మిత్రుడు. నేను రాయబోయేదీ అంతరిక్షనౌక గురించే. కాకపోతే అది టెలివిజన్లో తప్ప ఎక్కడా ఎగరలేదు.

ఆ ధారావాహిక పేరు ‘ఫైర్‌ఫ్లై’, అంటే మిణుగురు. జాస్ వెడన్ అనే ఆయన సృష్టి. అమెరికాలో ఫాక్స్ ఛానెల్లో 2002 సెప్టెంబరు 20న మొదలైంది. 14 భాగాలు తీస్తే 11 మాత్రం వేసి, డిసెంబరులో ఆపేశారు. అసలు కథ మొదలయ్యే భాగాన్ని చిట్టచివర డిసెంబరు 20న వేశారు! విందులో ముందు తాంబూలమిచ్చి, చివర విస్తరి వేసినట్టు. అభిమానులు చందాలేసుకుని సినిమా వ్యాపారుల పత్రిక ‘వెరైటీ’లో ప్రకటన కూడా యిచ్చారు. లాభం లేకపోయింది.

కిందటి సంక్రాంతి సెలవుల్లో నేనూ మా అన్నయ్యా దాన్ని నా లాప్‌టాప్‌లో చూశాం. పగలంతా చెరకు పని, రాత్రి నౌక ప్రయాణం. పాత నౌక, అందులో తొమ్మిది మంది, చేతిలో డబ్బుండదు, యింజను ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు. అయినా అందరూ ఒకే బల్ల దగ్గర కూచుని తింటారు. అంతరిక్షంలో గాలి లేదు గనక శబ్దం వినిపించదన్న సంగతి వాళ్ళు మరిచిపోనందుకు నేను మురిసిపోయాను. అన్నయ్యకి మాత్రం ఆ నౌకలో ఆవుల మందని ఎక్కించిన కథ నచ్చింది. “అంతా బాగానే వుంది గానీ, పేడ ఎవడెత్తుతాడ్రా?” అన్నాడు.

2003లో డి.వి.డి.లు వచ్చాక ఆదరణ పెరిగింది. యూనివర్సల్ వారు ముందుకొచ్చి, 2005 సెప్టెంబరు 30న ‘సెరెనిటీ’ పేరుతో సినిమాగా విడుదల చేశారు. అభిమానులకి పండగే. చచ్చిపోయిందనుకున్న కథ లేచి కూచుంది మరి! ఆఖరి రాత్రి మేమూ ఆ సినిమా పెట్టుకున్నాం.

రెండు గంటల్లో అన్ని ముళ్ళూ విప్పేశాడు. రివర్ అనే పిల్ల మనసులో దాగిన రహస్యమేమిటో తెలిసింది. కానీ బల్ల దగ్గర తీరిగ్గా కూచునే ఆ భోజనాలు లేవు. పాస్టరు బుక్ చచ్చిపోయాడు. బొమ్మ డైనోసార్లతో ఆడుకునే పైలట్ వాష్, నౌకని క్షేమంగా దించిన మరుక్షణమే చచ్చిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఈ సినిమా తియ్యకపోయినా బాగుండేది. తొమ్మిది మందీ ఎక్కడో ఎగురుతూ వుండేవాళ్ళు” అన్నాను.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇది కార్శి తోటరా. మొక్క తోట లెక్క దీనికి కడితే ఎలా?” అన్నాడు.

పట్నం మిత్రుల కోసం చెబుతాను. చెరకు కొట్టాక మిగిలిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పైరే కార్శి. విత్తనం ఖర్చుండదు, తొందరగా పక్వానికొస్తుంది. కానీ మోళ్ళు చెక్కాలి, ఖాళీలు పూరించాలి, నత్రజని ఎక్కువ వెయ్యాలి. ఎంత చేసినా మొక్క తోటంత దిగుబడి సాధారణంగా రాదు. సెరెనిటీ సంగతీ అంతే. దాదాపు 3 కోట్ల 90 లక్షల డాలర్లు పెడితే, ప్రపంచమంతటా టిక్కెట్ల మీద వచ్చింది సుమారు 4 కోట్లు. అందులో థియేటర్ల వాటా పోవాలి. రెండో సినిమా రాలేదు.

అన్నయ్య ఆ మాట సినిమా గురించే అన్నాడో లేదో నాకు యిప్పటికీ తెలీదు. నాన్నకి గుండె ఆపరేషనైన ఏడు, అన్నయ్య బి.యస్సీ. రెండో ఏట మానేసి తోటలోకి దిగాడు. నేను చదువుతున్నది ఆ గ్రూపే. వాడి ఫిజిక్సు రికార్డు యింకా అటక మీద వుంది, సగం పేజీలు ఖాళీ. నిరుడు దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేశాడు. అమ్మ ఆ సర్టిఫికెట్టుని దేవుడి పటాల పక్కన పెట్టింది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు, నేనూ సంతోషించాను. కానీ హాస్టల్ మెస్సులో కబుర్లూ, లేబరేటరీలో మసకచీకటి గదిలో వర్ణపటం చూసిన రోజులూ సర్టిఫికెట్టుతో పాటు పోస్టులో రావు కదా.

“బి.ఏ. కట్టకపోయినా బాగుండేది” అని వాడితో అనగలనా? అనలేను. మరి సినిమా మీద అంత సులువుగా ఎలా అన్నాను? వాష్ చావు మీద కోపం యింకా పోలేదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సెలవులయ్యాక అన్నయ్య నన్ను బండి మీద బస్‌స్టాండుకి తీసుకొచ్చాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, “ఒరేయ్, మళ్ళీ వచ్చేటప్పుడు ఆ పద్నాలుగూ పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకురా. వరసలో వెయ్యి” అన్నాడు.

“సినిమా?”

“అదీ వెయ్యి. చివర్లో.”